పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నాను: పేపర్ త్వరగా రావడం ముఖ్యమా, మంచి జర్నల్‌లో రావడం ముఖ్యమా?

ప్రశ్న: రసాయనశాస్త్ర పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)తో చేరి ప్రస్తుతం ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో)గా కొనసాగుతున్నాను. వచ్చే ఏడాదితో ఫెలోషిప్ గడువు తీరిపోతుంది. ఆ తరువాత ఇంటి నుంచి డబ్బు తెప్పించుకునే పరిస్థితి లేదు కాబట్టి, గడువులోగా థీసిస్ సమర్పించాలన్నది నా ప్రధానమైన ఆందోళన.

రాగిని ఘన ఆధారంపై నిలిపి తయారుచేసిన ఉత్ప్రేరకంతో చేసిన పని నా థీసిస్‌లో ముఖ్యమైన అధ్యాయం. దానిపై రాసిన పేపర్‌ను మా గైడ్ గారి సూచన మేరకు బాగా పేరున్న ఒక విదేశీ జర్నల్‌కు పంపితే, ఎడిటర్ విషయ నిపుణుల రివ్యూకు పంపకుండానే వెనక్కి పంపారు. తరువాత మరొక జర్నల్‌కు పంపాము. అక్కడ మొదటి రివ్యూయర్ చిన్న సవరణలతో సరిపెట్టారు. రెండో రివ్యూయర్ మాత్రం, చర్యను నిజంగా నడిపిస్తున్నది ఘన ఉత్ప్రేరకమా, లేక దాని నుంచి ద్రావణంలోకి కరిగి వచ్చిన రాగియా అన్నది తేల్చనిదే పేపర్‌ను అంగీకరించలేమని రాశారు. రాగి పరిమాణం కొలవడానికి అవసరమైన ఐసీపీ పరికరం మా విభాగంలో లేదు. సవరణలకు ఇచ్చిన గడువు కూడా దగ్గరపడుతోంది.

ఈలోగా రుసుము చెల్లిస్తే పది రోజుల్లో ప్రచురిస్తామంటూ కొన్ని జర్నళ్ళ నుంచి మెయిళ్ళు వస్తున్నాయి. మా ల్యాబ్‌లో సీనియర్ ఒకరు ‘ముందు ఏదో ఒకచోట వేసేసి థీసిస్ ఇచ్చెయ్యి, పెద్ద పేపర్ల సంగతి పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాతి పరిశోధన)లో చూసుకోవచ్చు’ అంటున్నారు. అలా చేస్తే ముందుముందు ఇబ్బంది ఎదురవుతుందా? ప్రీప్రింట్ పెట్టుకోవడం, అంటే జర్నల్‌లో రాకముందే పేపర్‌ను ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంచడం వల్ల ప్రయోజనం ఉంటుందా? పనిలో పాలుపంచుకోని ఒకరి పేరు రచయితల జాబితాలో చేర్చమనే మాట కూడా ల్యాబ్‌లో వినిపిస్తోంది. దానికి మర్యాద చెడకుండా ఎలా బదులివ్వాలి? చివరిగా, పోస్ట్‌డాక్, అధ్యాపక ఉద్యోగం, పరిశ్రమ అనే మూడు దారుల్లో ఏ దారికి ఏ రకమైన పేపర్లు అవసరమవుతాయో అనుభవజ్ఞులు వివరించగలరని కోరుతున్నాను.

సమాధానం: విశ్రాంత శాస్త్రవేత్త, తార్నాక

అమ్మా, ముందుగా మీ విశ్వవిద్యాలయం ఏం కోరుతోందో కాగితం మీద చూసుకోండి. సీనియర్లు చెప్పినదాన్నే నిబంధనగా భావించి కంగారుపడే విద్యార్థులను చాలామందిని చూశాను. థీసిస్ సమర్పించే ముందు కనీసం ఒక పేపర్ ప్రచురించాలని, రెండు సదస్సుల్లో పత్రాలు సమర్పించాలని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2016 నిబంధనల్లో ఉండేది. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ షరతును తొలగించారు. అయితే చాలా విశ్వవిద్యాలయాలు తమ సొంత నిబంధనగా దాన్ని కొనసాగిస్తున్నాయి. కొన్నిచోట్ల పేపర్ ప్రచురణకు అంగీకారం పొందితే చాలు, అచ్చు కావలసిన అవసరం లేదు. మీరు చేరిన సంవత్సరానికి ఏ నిబంధనలు వర్తిస్తాయో పరీక్షల విభాగంలో అడిగి, వీలైతే లిఖితపూర్వకంగా తీసుకోండి. మీ తొందరలో ఎంత భాగం నిజంగా అవసరమైనదో దానితోనే తేలిపోతుంది.

ఇక పది రోజుల్లో ప్రచురిస్తామనే జర్నళ్ళ గురించి. ఒక పేపర్‌ను విషయం తెలిసిన ఇద్దరు చదివి, లోపాలు చెప్పి, రచయితలు సవరించి, మళ్ళీ వారు చూడడం పది రోజుల్లో అయ్యే పని కాదు. అంటే అక్కడ డబ్బు తీసుకుంటున్నది రివ్యూను తప్పించినందుకే. ఈ వ్యాపారానికి మన నగరం కూడా వేదిక కావడం నాకు ఎప్పటికీ బాధ కలిగించే విషయం. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన జర్నళ్ళ ప్రచురణ సంస్థ ఓమిక్స్ గ్రూప్‌పై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సక్రమమైన రివ్యూ జరుగుతున్నట్లు చెప్పుకోవడం, రుసుము సంగతి ముందుగా స్పష్టం చేయకపోవడం, అనుమతి లేకుండా శాస్త్రవేత్తల పేర్లను సంపాదకవర్గంలో చూపడం వంటి ఆరోపణలను విచారించిన న్యాయస్థానం 2019లో ఆ సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది.

మీకు వచ్చిన మెయిల్‌ను ఒకసారి నిదానంగా చదవండి. రసాయనశాస్త్రం చేస్తున్న మిమ్మల్ని గుండె జబ్బుల జర్నల్‌కు రాయమన్నారా? ఇంకా పట్టా రాని మిమ్మల్ని ‘గౌరవనీయ ఆచార్యులు’ అని సంబోధించారా? జర్నల్ పేరు ఒక ప్రసిద్ధ జర్నల్ పేరును పోలి, ఒక్క మాట తేడాతో ఉందా? రుసుము ఎంతో వెబ్‌సైట్‌లో స్పష్టంగా రాశారా, లేక పేపర్ అంగీకరించిన తరువాత చెబుతామన్నారా? సంపాదకవర్గంలో మీకు తెలిసిన భారతీయ శాస్త్రవేత్త ఎవరైనా ఉంటే, ఆ పేరు అక్కడ ఉన్న సంగతి ఆయనకు తెలుసో లేదో నేరుగా మెయిల్ రాసి అడగవచ్చు. అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు.

జర్నళ్ళ సూచిక అయిన స్కోపస్‌లో ఉందంటే చాలు మంచి జర్నలే అనుకోవడానికి కూడా లేదు. పెద్ద ప్రచురణ సంస్థ వైలీ కొనుగోలు చేసిన హిందావీ జర్నళ్ళలో నకిలీ రివ్యూల వ్యవహారం బయటపడి, ఒక్క 2023లోనే 8,000కు పైగా పేపర్లను ఉపసంహరించారు. వాటి రచయితల్లో నిజాయితీగా పనిచేసినవారు కూడా ఉండే ఉంటారు. ఒక జర్నల్ మీద నమ్మకం పోతే అందులోని మంచి పేపర్ కూడా ఆ నీడలోనే ఉండిపోతుంది. మీ సీనియర్ సలహాలో నాకు కనిపించే అసలు ప్రమాదం ఇదే. అక్కడ ఒకసారి ప్రచురించాక అదే ఫలితాలను మరో మంచి జర్నల్‌కు పంపడం నైతికంగా కుదరదు. అంటే మీ థీసిస్‌లోని ముఖ్యమైన అధ్యాయం ఎప్పటికీ అక్కడే చిక్కుకుపోతుంది.

రుసుము లేకుండా ప్రచురించే గౌరవప్రదమైన జర్నళ్ళు లేవనుకోకండి. చందాతో నడిచే జర్నళ్ళు చాలావరకు రచయితల నుంచి ఏమీ తీసుకోవు. పేపర్‌ను ఎవరైనా ఉచితంగా చదవగలిగే ఓపెన్ యాక్సెస్ పద్ధతి ఎంచుకున్నప్పుడే రుసుము పడుతుంది. సి.వి.రామన్ 1934లో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తరఫున జర్నల్ ఆఫ్ కెమికల్ సైన్సెస్ వస్తోంది. పూర్తిగా ఓపెన్ యాక్సెస్ అయి ఉండీ రుసుము తీసుకోని బైల్‌స్టైన్ జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీ కూడా ఉంది. వీటిలో వచ్చిన పేపర్‌ను ఏ ఇంటర్వ్యూలోనూ తలదించుకుని చెప్పుకోనక్కర లేదు.

అయితే, అమ్మా, నా దృష్టిలో మీరు జర్నల్ మార్చవలసిన అవసరమే లేదు. ఆ రెండో రివ్యూయర్ మీకు మేలు చేస్తున్నారు. ఆయన అడిగిన ప్రశ్ననే రేపు మీ థీసిస్ పరీక్షకులు వైవా (మౌఖిక పరీక్ష)లో అడుగుతారు. దానికి తొలి సమాధానం ఇవ్వడానికి ఐసీపీ కూడా అవసరం లేదు. చర్య సగం జరిగిన దశలో, మిశ్రమం వేడిగా ఉండగానే ఉత్ప్రేరకాన్ని వడపోసి తీసేసి, వడపోతలో దిగిన ద్రావణాన్ని అదే ఉష్ణోగ్రత వద్ద కొనసాగించండి. ఉత్పన్నం శాతం అక్కడితో ఆగిపోతే, చర్యను నడిపిస్తున్నది ఘన ఉత్ప్రేరకమే అనడానికి అది బలమైన ఆధారం. చల్లారనిచ్చి వడపోస్తే కరిగిన రాగి తిరిగి ఆధారం మీదకు చేరి మిమ్మల్ని తప్పుదోవ పట్టించవచ్చు కాబట్టి వేడి మీదనే వడపోయడం ముఖ్యం. పక్కనే ఉత్ప్రేరకాన్ని తీయని చర్యను కూడా నడిపి, రెండింటి నుంచీ ఒకే సమయాల్లో నమూనాలు తీసి, ఒకే గ్రాఫ్‌లో చూపండి. ఆ తరువాత ఐసీపీ కోసం నమూనాను బయటికి పంపండి. దేశంలోని ప్రభుత్వ సంస్థల పరికరాల వివరాలు ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఉంటాయి, అక్కడి నుంచే బుక్ చేసుకోవచ్చు. హబ్సిగూడ, తార్నాక, గచ్చిబౌలి పరిసరాల్లోనే ఇన్ని పరిశోధన సంస్థలున్న నగరంలో పరికరం దొరకక పేపర్ ఆగిపోవడం జరగకూడదు.

గడువు సరిపోదనుకుంటే ఈ రోజే ఎడిటర్‌కు నాలుగు వాక్యాల మెయిల్ రాయండి. ఏ ప్రయోగం చేస్తున్నారో, ఎంత సమయం కావాలో చెప్పి అడిగితే సాధారణంగా కాదనరు. జవాబు లేఖలో రివ్యూయర్ రాసిన ప్రతి వాక్యాన్నీ యథాతథంగా పెట్టి, దాని కింద మీరు చేసిన పని, వచ్చిన ఫలితం, పేపర్‌లో ఏ పేజీలో ఏ పేరాను మార్చారో రాయండి. ఒక ప్రశ్నకు మీ దగ్గర సమాధానం లేకపోతే, దాన్ని దాటవేయకుండా ఆ పరిమితిని పేపర్‌లోనే ఒప్పుకోండి. రివ్యూయర్ కోపంతో రాసినట్లు కనిపించినా మీ జవాబులో ఆ ఛాయ పడకూడదు. అవసరమైతే రాసినదాన్ని ఒక రాత్రి పక్కన పెట్టి, మర్నాడు మీ గైడ్ గారితో కలిసి చదివి పంపండి.

సమాధానం: సహాయ ఆచార్యుడు, రాష్ట్ర విశ్వవిద్యాలయం

పెద్దాయన చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, అధ్యాపక ఉద్యోగాల గురించి నాకు తెలిసినది చెబుతాను.

ఎన్ని పేపర్లుంటే ఉద్యోగం వస్తుందని విద్యార్థులు నన్ను తరచూ అడుగుతుంటారు. యూజీసీ 2018 నిబంధనల్లో, విశ్వవిద్యాలయాల్లో సహాయ ఆచార్య పోస్టుల ఇంటర్వ్యూకు అభ్యర్థులను ఎంపిక చేసేందుకు ఒక మార్కుల పట్టిక ఉంది. అందులో పేపర్‌కు 2 మార్కులు, మొత్తంమీద ప్రచురణలకు గరిష్ఠంగా 10 మార్కులు. అంటే ఆ దశలో ఐదు పేపర్లకు మించి ఎన్ని ఉన్నా అదనంగా ఒక్క మార్కు రాదు. అదే పట్టికలో పీహెచ్‌డీకి 30 మార్కులు, బోధన లేదా పోస్ట్‌డాక్ అనుభవానికి ఏడాదికి 2 చొప్పున 10 వరకు ఉన్నాయి. ఆ తరువాత ఎంపిక ఇంటర్వ్యూ మీదే ఆధారపడుతుంది. అక్కడ ఎదురుగా కూర్చున్న నిపుణులు జర్నల్ పేరు చూసి ఒక్క నిమిషంలో అంచనాకు వస్తారు, మీ పేపర్‌లోని ఒక పటం తీసి ప్రశ్నలు వేస్తారు. పేరు తెలియని జర్నళ్ళలో పేపర్లు కుప్పలుగా వేసుకున్నవారు ఇబ్బంది పడేది అక్కడే.

మీరు అధ్యాపక వృత్తి వైపు ఆలోచిస్తుంటే తెలంగాణ సెట్ పరీక్షను చులకనగా చూడకండి. జేఆర్ఎఫ్ ఉన్నవారికి దాని అవసరం లేదు కానీ, మీతోపాటు ఈ చర్చ చదువుతున్న వారందరికీ జేఆర్ఎఫ్ ఉండకపోవచ్చు. 2023 జూలై నుంచి సహాయ ఆచార్య నియామకానికి నెట్ (జాతీయ స్థాయి), సెట్ లేదా స్లెట్ (రాష్ట్ర స్థాయి) అర్హత పరీక్షలో ఉత్తీర్ణత కనీస అర్హతగా ఉంది.

మంచి జర్నళ్ళను గుర్తించడానికి ఇదివరకు యూజీసీ కేర్ జాబితా ఉండేది. దాన్ని నిలిపివేస్తున్నట్లు 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఇప్పుడు ఆ బాధ్యత సంస్థల మీద, పరిశోధకుల మీద పడింది. ‘ఇది కేర్ జర్నల్’ అంటూ ఇంకా మెయిళ్ళు పంపేవారిని ఆ ఒక్క మాట చూసే పక్కన పెట్టవచ్చు. నేను నా విద్యార్థులకు చెప్పే పద్ధతి చాలా సులభం: మీ పేపర్ చివర మీరు ఉదహరించిన వ్యాసాలు ఏ జర్నళ్ళలో వచ్చాయో చూడండి. మీ పనిని చదివేవారు ఉండేది అక్కడే. ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవారికి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద 2025 జనవరి నుంచి 30 ప్రచురణ సంస్థలకు చెందిన 13,000 దాకా జర్నళ్ళు అందుబాటులోకి వచ్చాయి కాబట్టి, పంపబోయే జర్నల్‌లోని ఇటీవలి సంచికలు చదవకుండా పేపర్ పంపడానికి ఇప్పుడు కారణం లేదు.

రచయితల జాబితా విషయం సున్నితమైనది, కానీ దాటవేయదగినది కాదు. వైద్య జర్నళ్ళ సంపాదకుల అంతర్జాతీయ సంఘం నాలుగు షరతులు పెట్టింది: పని రూపకల్పనలోనో, ఫలితాల సేకరణ, విశ్లేషణల్లోనో గణనీయమైన పాత్ర ఉండాలి, రచనలో లేదా దాని విమర్శనాత్మక సవరణలో పాల్గొనాలి, చివరి ప్రతిని ఆమోదించాలి, పని అంతటికీ జవాబుదారీగా నిలవాలి. రసాయనశాస్త్ర జర్నళ్ళు కూడా దాదాపు ఇదే తరహా నియమాలు పాటిస్తాయి. మీరు ఎవరి పేరూ ఎత్తవలసిన పని లేదు. ఎవరు ఏ పని చేశారో రాసే పట్టికను ఇప్పుడు చాలా జర్నళ్ళు అడుగుతున్నాయి. దాన్ని ఖాళీగా ముద్రించి, ‘సార్, జర్నల్‌వారు దీన్ని నింపమంటున్నారు, ఒక్కొక్కరి పేరు ఎదురుగా ఏం రాయమంటారు?’ అని గైడ్ గారినే అడగండి. పని చేయని వ్యక్తి పేరు ఎదురుగా రాయడానికి మాట దొరకనప్పుడు, సహాయానికి కృతజ్ఞతలు చెప్పే చోట ఆ పేరు పెడదామన్న ప్రతిపాదన తేలికగా ముందుకు వస్తుంది. అప్పటికీ ఒత్తిడి ఆగకపోతే మీ డాక్టోరల్ కమిటీలో మీరు నమ్మే ఒక సభ్యురాలినో సభ్యుడినో కలవండి, ఒంటరిగా మోయకండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

తార్నాక సార్‌కు, ఆచార్యుల వారికి హృదయపూర్వక కృతజ్ఞతలు. వేడి మీద వడపోసే ప్రయోగం మా ల్యాబ్‌లోనే చేయవచ్చని ఇంతవరకు నాకు తట్టలేదు. గైడ్ గారితో మాట్లాడితే ఆయన కూడా సరేనన్నారు. గడువు పెంచమని ఎడిటర్‌కు రాశాము. ప్రీప్రింట్ గురించి ఆయనను అడిగితే, ‘ఎవరైనా మన ఆలోచన తీసుకుంటే?’ అని సందేహిస్తున్నారు. దాని గురించి, పరిశ్రమ గురించి తెలిసినవారు చెప్పగలరా?

సమాధానం: ప్రాసెస్ కెమిస్ట్, జీనోమ్ వ్యాలీ

ప్రీప్రింట్ విషయంలో మీ గైడ్ గారి సందేహానికి ఒక సమాధానం ఉంది. రసాయనశాస్త్ర ప్రీప్రింట్ల వెబ్‌సైట్ కెమ్‌ఆర్కైవ్‌లో పెట్టిన పేపర్‌కు తేదీతో సహా శాశ్వతమైన గుర్తింపు సంఖ్య వస్తుంది. ముందు ఎవరు చేశారన్నదానికి అదే బహిరంగ సాక్ష్యం. అమెరికన్ కెమికల్ సొసైటీ, రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ వంటి సంఘాల మద్దతుతో అది 2017 నుంచి నడుస్తోంది. కానీ మీ పేపర్ ఇప్పటికే ఒక జర్నల్ చేతిలో ఉంది కాబట్టి, ఈ దశలో పెట్టడానికి ఆ జర్నల్ అనుమతిస్తుందో లేదో వారి నియమాల పేజీలో ముందుగా చూసుకోండి.

దానికన్నా ముఖ్యమైన ప్రశ్నను ఇంతవరకు ఎవరూ అడగలేదు: మీ ఉత్ప్రేరకంలో పేటెంట్‌కు తగిన విషయం ఉందా? ఉందనుకుంటే, ప్రీప్రింట్ గానీ, పేపర్ గానీ, సదస్సులో పోస్టర్ గానీ బయటికి రాకముందే దరఖాస్తు చేయాలి. ఒకసారి బహిర్గతమైతే కొత్తదనం పోయినట్లే, మినహాయింపులు చాలా పరిమితం. మన చట్టం ప్రకారం ముందు తాత్కాలిక వివరణతో దరఖాస్తు వేసి, 12 నెలల్లోగా పూర్తి వివరణ సమర్పించే వీలుంది. కాబట్టి దీనికోసం పేపర్‌ను నెలల తరబడి ఆపవలసిన పని లేదు. థీసిస్‌లను అందరికీ అందుబాటులో ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లోకి మీ థీసిస్ చేరడం కూడా బహిర్గతం కావడమే అని మరచిపోకండి. మీ విశ్వవిద్యాలయంలోని మేధోసంపత్తి విభాగాన్ని ఈ వారంలోనే గైడ్ గారితో కలిసి సంప్రదించండి.

ఇక మా వైపు, అంటే పరిశ్రమలో ఉద్యోగాల సంగతి. నేను ఇంటర్వ్యూల్లో కూర్చుంటాను. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్‌లోని పేపర్లను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే సంఖ్య) ఎంతని మేము అడిగిన సందర్భం నాకు గుర్తులేదు. మీ చర్యను 1 మిల్లీమోల్ నుంచి 100 గ్రాములకు తీసుకువెళితే ఏది ముందు చెడుతుందని అడుగుతాము. పుట్టే వేడిని ఎలా తీసేస్తారు, కాలమ్ క్రోమటోగ్రఫీ లేకుండా ఎలా శుద్ధి చేస్తారు, చివరి పదార్థంలో మిగిలిన లోహం ఎంత అనేవే మా ప్రశ్నలు. చివరిది గమనించండి: మీ రెండో రివ్యూయర్ అడిగింది, మందుల తయారీలో మేము రోజూ అడిగేది ఒకటే ప్రశ్న. ఆ ప్రయోగం ఒకటి, ఉత్ప్రేరకాన్ని మళ్ళీ మళ్ళీ వాడినప్పుడు దాని పనితీరు ఎలా తగ్గిందో చూపే ఫలితం ఒకటి మీ చేతిలో ఉంటే, మా దగ్గర అరగంట చర్చకు అవే సరిపోతాయి. పనిచేయని చర్యల గురించి కూడా చెప్పండి. ఎందుకు పనిచేయలేదో ఆలోచించినవారిని మేము ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుంటాము.

రెజ్యూమేలో పేపర్ల జాబితా కంటే ముందు మీరు స్వయంగా నడిపిన పరికరాలు, పద్ధతులు రాయండి. ‘ఎన్ఎంఆర్ (అణువుల నిర్మాణాన్ని గుర్తించే పద్ధతి) తెలుసు’ అనడానికీ, ‘రెండు ఐసోమర్లను ఎన్ఎంఆర్‌తో ఇలా వేరుగా గుర్తించాను’ అనడానికీ చాలా తేడా ఉంది.

సమాధానం: పోస్ట్‌డాక్ పరిశోధకురాలు, గచ్చిబౌలి

పోస్ట్‌డాక్ గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు కాబట్టి, ఈ మధ్యే ఆ దారిలో వచ్చినదాన్నిగా రెండు మాటలు. అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఇచ్చే నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌కు వయోపరిమితి 35 ఏళ్ళు, మహిళలకు సడలింపు ఉంది. వ్యవధి రెండేళ్ళు. థీసిస్ సమర్పించి పట్టా కోసం ఎదురుచూస్తున్నవారు కూడా దరఖాస్తు చేయవచ్చు కాబట్టి, ఫెలోషిప్ ముగిశాక వచ్చే ఖాళీ గురించి మీకున్న భయానికి ఇది కొంత ఊరట. విదేశాలకు వెళ్ళే ఆలోచన ఉంటే, జర్మనీలోని హుంబోల్ట్ ఫెలోషిప్‌కు ఏడాది పొడవునా దరఖాస్తులు తీసుకుంటారు. ఐరోపాలోని మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్‌ల గడువు సాధారణంగా సెప్టెంబరులో ముగుస్తుంది. రెండింటికీ ముందుగా అక్కడి ఆచార్యుల అంగీకారం కావాలి. దానికి నెలలు పడుతుంది. కాబట్టి థీసిస్ పూర్తయ్యాక మొదలుపెడదామనుకోకండి.

ఆచార్యులకు రాసే మెయిల్‌లో మీ పేపర్ల సంఖ్య రాయకండి. ఆయన ఇటీవలి పేపర్‌లో తేలకుండా మిగిలిన ఒక ప్రశ్న, దానికి మీ చేతిలోని పద్ధతి ఎలా పనికొస్తుందన్నది ఒక పేరాలో రాయండి. వడపోత ప్రయోగం ఫలితం రాగానే ఆ గ్రాఫ్‌ను జతచేయవచ్చు, కానీ పేటెంట్ విషయం తేలేవరకు ఆగండి. మొదటి మెయిల్ ముసాయిదా సిద్ధం చేసి, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.